లేదని ఒక్క మాట రాసి ఇప్పించమని

ప్రవేశాల అధికారి గారి సముఖమునకు,
బిజినెస్ స్కూలు, రెండవ అంతస్తు, ఎడమచేతి గది.

అయ్యా,

విషయం: వెయిటింగ్ లిస్టులో పదకొండవ స్థానమున ఉంచబడిన నా మనవరాలికి సీటు లేదని ఈ శనివారం సాయంత్రం ఐదు గంటలలోగా వ్రాతపూర్వకముగా తెలియజేయమని కోరుట గురించి.

ఈ అర్జీ రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీసి మడత పెట్టాను, మళ్ళీ విప్పాను. తమరు చదవరేమోనని కాదు. చదివి, ‘మీ లేఖ అందినది, పరిశీలనలో ఉన్నది’ అని జవాబిస్తారేమోనని భయం. అటువంటివి మా ఇంట్లో ఇప్పటికే మూడు ఉన్నాయి.

విన్నవించుకొనునది ఏమనగా, నేను నలభై ఆరేళ్ళు పుస్తకాలు బైండింగ్ చేసినవాణ్ణి. బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. మిగతా చదువంతా బైండింగుకు వచ్చిన పుస్తకాల్లో, జిగురు ఆరేలోగా చదువుకున్నది. అందుచేత నాకు లోకంలో చాలా సంగతులు సగం సగం తెలుసు. ఒకసారి వ్యాపార నిర్వహణ మీద దిండులాంటి పుస్తకం ఒకటి వచ్చింది. ఆఖరి పేజీలు ఊడిపోయి ఉన్నాయి. ‘ఉద్యోగిని తొలగించే ముందు యజమాని మరువరానిది ఒక్కటే’ అన్నచోట ఆగిపోయింది. ఆ ఒక్కటీ ఏమిటో నాకీనాటికీ తెలియదు. తమ స్కూల్లో పూర్తి ప్రతి ఉండే ఉంటుంది. అది వేరే సంగతి. నా ఫిర్యాదులు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. నాలుగు నెలల క్రితం తమ కార్యాలయం నుండి నా మనవరాలికి ఈమెయిలు వచ్చినది. ‘మీ దరఖాస్తు ఎంతో మెచ్చుకోదగినది. అయితే ప్రస్తుతము మిమ్ములను వెయిటింగ్ లిస్టులో పదకొండవ స్థానమున ఉంచడమైనది.’ అప్పుడు మా కోడలు, అంటే పిల్ల తల్లి, వంటింట్లోంచి అడిగింది.

“సీటొచ్చిందా?”

“రాలేదమ్మా.”

“పోయిందా అయితే?”

“పోలేదు.”

“రాకా, పోకా, మరేమయిందే?”

“ఉంది.”

“ఎక్కడుంది?”

“లిస్టులో.”

కోడలు గరిటె పట్టుకుని బయటికి వచ్చి నా వంక చూసింది, ఇంట్లో చదువుకున్న పెద్దమనిషిని నేనే గనక అర్థం చెప్పమన్నట్టు. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

2. అయ్యా, మా వృత్తిలోనూ వెయిటింగ్ లిస్టు ఉన్నది. వెయ్యి కాపీలు కావాలంటే ప్రెస్సులో వెయ్యీ నలభై కాగితాలు అచ్చు వేస్తారు. కొన్ని నలుగుతాయి, కొన్నిటికి మసి అంటుతుంది, కొన్ని వంకరగా తెగుతాయి. పని సవ్యంగా సాగితే ఆ నలభై మిగిలిపోతాయి. వాటిని పొట్లాలు కట్టుకోవడానికి వాడుకుంటాము. వాటి మీదా అవే అక్షరాలు, అదే సిరా. తమరు చేస్తున్నదీ ఇదేనని గ్రహించాను, తప్పు పట్టను. కాకపోతే మేము ఆ నలభై కాగితాలకూ ‘మీరు ఎంతో మెచ్చుకోదగినవారు’ అని ఎన్నడూ ఉత్తరం రాయలేదు.

3. సదరు మనవరాలు ప్రెస్సులో బైండింగ్ విభాగంలో పని చేయుచున్నది. ఆ ఈమెయిలు వచ్చిన నాటి నుండి ఆమె ఏ పని మొదలుపెట్టబోయినా ‘వెళ్ళిపోతానేమో కదా’ అని ఆగిపోతున్నది. గదిలో కిటికీ అద్దం పగిలితే అట్టముక్క అంటించింది. నాలుగు నెలలుగా ఆ గదిలో పట్టపగలు లైటు వేసుకోవలసి వస్తున్నది. పంటినొప్పికి డాక్టరు ఆరు వారాలు వరసగా రమ్మంటే, ఆరు వారాలు ఇక్కడుంటానని మాట ఇవ్వలేక ఎడమవైపు నములుతున్నది. స్నేహితురాళ్ళు మొదట్లో ‘ఏమైందే?’ అని అడిగేవారు. ఇప్పుడు అడగరు. అడగకుండా ఉండడం కోసం ఇంటికే రారు.

4. తమ రెండవ లేఖలో, నిర్ణయానికి గడువేదీ లేదని, ఈలోగా కొత్త విశేషాలేవైనా ఉంటే నేరుగా ఇచ్చినా స్వీకరిస్తామన్నారు. పిల్ల మూడు వారాలు కూర్చుని ముప్పై రెండు కాగితాలు తయారు చేసింది. బైండింగ్ విభాగంలో మడతపెట్టేవారినీ కుట్టేవారినీ ఎదురెదురు బల్లల మీద కూర్చోబెట్టి, బడి పుస్తకాల పని తొమ్మిది రోజులు ముందుగా ఎలా ముగించిందో అందులో ఉంది. తన పేరు తాను రాసుకుంటే గొప్పలకు పోయినట్టుంటుందని ప్రతిచోటా ‘మా విభాగము’ అని రాసింది. నా చేతికిచ్చి, “తాతయ్యా, కౌంటర్లో ఇచ్చి వచ్చెయ్యి, నాకు సెలవు దొరకదు” అంది. అంతే అంది.

విడి కాగితాలు ఒకరి చేతికివ్వడం నా జన్మలో లేదు. పక్క కుట్టు వేశాను. నీలం గుడ్డ అట్ట తొడిగాను. దాని మీద ఆమె పేరు బంగారు అక్షరాల్లో దించాను. అంచులు నున్నగా రావాలని ప్రెస్సుకు తీసుకువెళ్ళాను. అక్కడ కోత మిషను నడిపే అతన్ని అందరూ బ్లేడు అంటారు. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు, పేరొక్కటే పదును.

“తాతా, పైన ఏవో అంకెలున్నాయి. కొట్టెయ్యనా?”

“అంచు మీదున్నది కోతకే గదరా. నీకు మిషను పట్టుకోవడం నేర్పిందెవరు? కొట్టు.”

“నువ్వే నేర్పావులే. అందుకే అడుగుతున్నా.”

“కొట్టవయ్యా బాబూ!”

కొట్టాడు. వెన్నలా తెగింది.

తమ కౌంటరు వద్ద ఉన్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “భలే ఉంది తాతగారూ! కానీ విప్పెయ్యాలి. మా మిషను విడి కాగితాలే తీసుకుంటుంది.”

“ఇది వందేళ్ళకీ ఊడదమ్మా.”

“అదే చిక్కు.”

నాకొక మొద్దు కత్తెర ఇచ్చారు. తమ కార్యాలయపు సోఫాలో కూర్చుని, నా కుట్టు నేనే అరగంటసేపు కోసుకున్నాను. అట్ట స్కానింగుకు లొంగదని తిరిగి ఇచ్చేశారు. ఆమె పేరు దాని మీదే ఉన్నది.

5. తమ మూడవ లేఖ. ‘మీ నుండి అదనపు సమాచారమేదియు అందలేదు.’

6. కోసిన పట్టీలు నేను పారెయ్యను. పుస్తకాల్లో గుర్తు పెట్టుకోవడానికి డబ్బాలో వేసుకుంటాను. ఆ లేఖ వచ్చిన మూడో రోజున, చదువుతున్న పుస్తకం తెరిస్తే గుర్తుగా పెట్టిన పట్టీ మీద ఏడు అంకెలు కనబడ్డాయి. తమ కార్యాలయం ఇచ్చిన దరఖాస్తు నంబరు. డబ్బాలో వెతికితే మిగతా ముప్పై ఒకటీ దొరికాయి. నంబరు లేని ముప్పై రెండు కాగితాలు తమ మిషనులో ఎవరివీ కాకుండా పోయాయన్నమాట. ఆ పట్టీలు పట్టుకుని మళ్ళీ వచ్చాను. కౌంటరు అమ్మాయి జాలిగానే చూసింది.

“గడువు దాటిపోయింది తాతగారూ.”

“ఏం గడువమ్మా? నిర్ణయానికి గడువు లేదని మీరే రాశారుగా?”

“మాకు లేదండీ. మీకుంది.”

ఈ సంగతి మనవరాలికి నేటివరకు చెప్పలేదు. తన రాతలోనే ఏదో లోపం ఉందని అనుకుంటున్నది. అనుకోనిస్తున్నాను. ఇది తమ మీద ఫిర్యాదు కాదు. వరస నంబరు వేసేశాను గనుక తీసెయ్యకుండా ఉంచుతున్నాను.

7. ప్రస్తుత పరిస్థితి. ప్రెస్సు యజమాని ఆమెను బైండింగ్ విభాగానికి ఇన్‌చార్జిగా వేస్తానన్నాడు. అయితే మూడేళ్ళు ఉంటానని మాట ఇవ్వాలట. న్యాయమే. పెళ్ళి మాటల్లా రోజులు గడపడానికి లేదు, శనివారం ఐదింటికల్లా చెప్పమన్నాడు.

“ఉంటావా అమ్మాయ్, పోతావా?” అన్నాడట.

“తెలీదండీ.”

“నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

“వాళ్ళకండీ.”

లిస్టులోంచి తనంతట తానే తప్పుకోవడానికి తమ వెబ్‌సైటులో ఒక మీట ఉన్నదట. నేను చెప్పి చూశాను. “నొక్కి పారెయ్యవే తల్లీ, పీడా వదులుతుంది” అన్నాను.

“నేను నొక్కితే నేనే వద్దనుకున్నట్టు తాతయ్యా. రేపు ఎప్పుడైనా, నొక్కకుండా ఉంటే వచ్చేదేమో అనిపిస్తుంది. వాళ్ళు వద్దంటే వాళ్ళే వద్దన్నట్టు. అదైతే మింగగలను.”

మాటలో నాకు తప్పు కనబడలేదు. అందుకే ఈ అర్జీ.

కావున ప్రార్థన ఏమనగా, సీటు ఇమ్మని అడగడం లేదు. ముందున్న పది మంది తప్పుకుంటే తప్ప ఆమె వంతు రాదు. ఆ పది మందికీ తాతలు ఉండే ఉంటారు, వారిలో బైండింగ్ పనివాడు లేకపోయి ఉంటే వారి కాగితాలు క్షేమంగానే చేరి ఉంటాయి. ‘సీటు లేదు’ అని రెండు ముక్కలు రాసి, తమ సంతకము చేసి, శనివారం ఐదింటిలోగా పంపించవలెను. మెచ్చుకోలు అక్కరలేదు. తిరస్కరణకు కారణము అని ఏదైనా గడి ఉంటే అందులో ‘తాత’ అని రాయవలెను. జతగా ముప్పై రెండు పట్టీలు పంపుతున్నాను, నా మాట అబద్ధం కాదని రుజువు కొరకు.

ఇంతకు మించి చెప్పుకోవడానికి ముఖం చాలక ఇక్కడితో ఆపుతున్నాను, చిత్తగించవలెను.

తమకు విధేయుడుగా ఉండడం తప్ప వేరే దారి లేనివాడు,
పదకొండవ నంబరు గారి తాత

తా.క.: దస్తూరీ బాగులేదని ఈ అర్జీ మూడుసార్లు తిరగరాశాను. ఆఖరిసారి రాస్తూండగానే శనివారం అయిపోయింది. మనవరాలు ఐదింటికి యజమాని గది తలుపు దాకా వెళ్ళి, పావుగంట బయటే నిలబడి, మళ్ళీ తన బల్ల దగ్గరికి వచ్చేసిందట. అయిదున్నరకు యజమాని బ్లేడును ఇన్‌చార్జిగా వేశాడు. ఏడింటికి బ్లేడు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా, సోమవారం ఏ పని ముందు పెట్టాలమ్మా అని ఆమెను అడిగాడు. ఆమె చెప్పింది. అతను రాసుకున్నాడు.