ఎడమ కణత దగ్గర చిక్కు

అన్నయ్యకి,

ఇలా పిలవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. వేరే ఏ పిలుపూ చేతికి రాక ఇదే రాశాను. అంతకు మించి ఇందులో అర్థాలు వెతుక్కోకు. ఫోను చేస్తే నువ్వు మధ్యలో అందుకుని "అది కాదే సూదీ" అంటావు, నేను అరుస్తాను, వదిన ఫోను లాక్కుని ఇద్దరికీ సర్దిచెబుతుంది. నాకిప్పుడు ఎవరూ సర్దిచెప్పక్కర్లేదు. అందుకే కాగితం తీసుకున్నాను. ఇక్కడ నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

నిన్న సాయంత్రం నేను ఆ సినిమావాళ్ళ కార్యక్రమానికి వెళ్ళాను. క్యాన్సర్ పరిశోధనకి విరాళాల కోసమని తారలంతా కలిసి ఆడి, పాడి, నవ్వించే సభ. ఆసుపత్రివాళ్ళు కొంతమంది రోగుల్ని ముందు వరసలో కూర్చోబెడతామంటే సరేనన్నాను. నీకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏదో వంక పెట్టి నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టేవాడివని ఇప్పుడు తెలుస్తోంది.

మొదట్లో అంతా బాగానే జరిగింది. మిమిక్రీ ఆయన డాక్టర్ల గొంతులన్నీ దించేశాడు. ఒక పెద్ద గాయకుడు పాట మధ్యలో చరణం మరిచిపోయి చేతులూపుతూ నిలబడితే జనమే పాడి గట్టెక్కించారు. నా పక్కన మా వార్డు కండక్టరమ్మ కూర్చుంది. బస్సులో కండక్టరు, అందుకే అందరం ఆమెని అలాగే పిలుస్తాం. నర్సుల్ని కూడా "ముందుకి జరగాలి, ముందుకి" అని గదమాయిస్తుంది. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

అప్పుడు ఆ హీరోయిన్ వచ్చింది. "జుట్టు పోగొట్టుకున్న నా అక్కచెల్లెళ్ళ కోసం, ఈరోజు మీ అందరి ముందూ నా జుట్టు తీయించుకుంటున్నాను" అంది. హాలు హాలంతా లేచి నిలబడింది. ఆవిడ కుర్చీలో కూర్చుని జడ విప్పింది.

ఆ జడ విప్పగానే మునివేళ్ళ మీద లేచి చూశాను. నల్లటి జుట్టు ఎవరికైనా ఉంటుంది. కొసల్లో ఇటుకరంగు తిరగడం కూడా వింతేమీ కాదు. నా పిచ్చిగాని అనుకున్నాను. ట్రిమ్మరు నుదుటి మీంచి ఒక చాలు సాఫీగా వెళ్ళింది. ఇంకో చాలు వెళ్ళింది. ఎడమ కణత దగ్గరికొచ్చేసరికి కర్రుమని ఆగిపోయింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. తట్టుకోలేకపోతోంది పాపం అని వెనక ఎవరో అన్నారు. ఆ ట్రిమ్మరు అక్కడెందుకు ఆగిందో అంత హాల్లోనూ నాకొక్కదానికే తెలుసు.

ఎడమ కణత దగ్గర తప్పు చేసింది నేనే కదా. గుర్తుందా? కీమోకి ముందు నువ్వే నా జుట్టు కత్తిరించి, మొదలూ కొసా తారుమారు కాకుండా మొదళ్ళ వైపు ఎర్రదారం కట్టావు. "బయటి జుట్టెందుకే, నీది నీకే విగ్గు కడదాం" అన్నావు. ఊళ్ళోవాళ్ళందరికీ కట్టినదాన్ని, నాది నేనే కట్టుకుంటానన్నాను. చెక్కతల మీద నెట్టు బిగించి, కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా లాగి ముడి వేస్తూ కూర్చున్నాను. మందులకి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఒక గుప్పెడు జుట్టు తిరగబడినా తెలియలేదు. మొదళ్ళు ఉండాల్సిన చోట కొసలు పెట్టి ముడులు వేసేశాను. మన పనిలో ఇంతకన్నా సిగ్గుమాలిన తప్పు ఉందా? తలకిందులుగా కట్టిన వెంట్రుక పక్కవాటితో పేచీ పెట్టుకుని నాలుగు దువ్వులకే ఉండ కట్టేస్తుంది. అది చూసుకుని నేను ఏడిస్తే నువ్వేమన్నావు? "వదిలెయ్యవే, బాగయ్యాక వచ్చి విప్పి కట్టుకుందువుగాని. ఈ చెక్కతల కిటికీ దగ్గర్నుంచి కదలదు" అన్నావు. ఫోను చేసినప్పుడల్లా అడిగాను. "ఉందే తల్లీ, కాళ్ళొచ్చి ఎక్కడికైనా పోతుందా" అన్నావు. పోయింది అన్నయ్యా, కాళ్ళొచ్చి స్టేజీ ఎక్కింది.

ఆ తర్వాత లైట్లు ఆర్పేశారు. వెలిగేసరికి ఆవిడ నున్నటి గుండుతో నమస్కారం పెడుతోంది. బోడితల తొడుగులు ఎన్ని అతికించాను నేను? నాకా చూపించడం? కండక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "చూశావటే, అంతటి మనిషి మనలాంటివాళ్ళ కోసం అంత పని చేసింది" అంది. ఏమని చెప్పను? ఆ ఏడుపులో ఆమెకి ఎంత సుఖంగా ఉందో కళ్ళారా చూస్తున్నాను.

హీరోయిన్ కిందికి దిగి మా అందరి చేతులూ పట్టుకుంది. నా దగ్గరికొచ్చి "ధైర్యంగా ఉండండి. జుట్టుదేముందండీ, మళ్ళీ వస్తుంది" అంది. చెవి వెనక జిగురు గీత కనిపిస్తోంది. ఆవిడ చెప్పు మడమకి నా వెంట్రుకలు రెండు అంటుకుని ఉన్నాయి. నేను తలూపాను. ఆ తలూపినందుకు రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. జనం వెళ్ళిపోయాక స్టేజీ ఎక్కి చూస్తే, ఊడ్చే ఆవిడ నా జుట్టుని రంగుకాగితాల ముక్కలతో కలిపి సంచిలోకి ఎత్తేస్తోంది.

ఒక్కటే అడుగుతున్నాను. దుకాణం నిండా బస్తాల కొద్దీ జుట్టు పెట్టుకుని నాదెందుకు ఇచ్చావు? పొద్దస్తమానం అద్దం ముందు జులపాలు నిమురుకునే మనిషివి. వచ్చిన ప్రతి బేరానికీ "ఇది మాత్రం ఒరిజినలండీ" అని తల విదిలించి చూపిస్తావు. దువ్వెనలో నాలుగు వెంట్రుకలొస్తే ఆ పూట అన్నం సరిగ్గా తినవు. అలాంటివాడికి నా జుట్టు అంటే ఏమిటో తెలియదా? సూటిగా జవాబు రాయి. నీ జవాబు చూశాకే ఆ గుండు సంగతి పేపరుకి రాయాలో వద్దో తేల్చుకుంటాను. నీ దుకాణం గడప మాత్రం ఇక తొక్కను.

సూది
(చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరే. ఇప్పుడు గుచ్చుకుంటే ఏడవకు.)


సూదీ,

నీ ఉత్తరం వదినకి చూపించాను. చదివి నా మొహం మీద విసిరికొట్టింది. రెండు రోజులుగా నాకు పెట్టాల్సింది పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోతోంది. మంచి పనే చేస్తోంది.

హీరోయిన్‌గారి జుట్టుకి నీ జుట్టు రంగు సరిగ్గా కలిసిందని రాద్దామనుకున్నాను. రాసి చింపేశాను. కలిసిన మాట నిజమే కానీ, వెతికితే బస్తాల్లో అలాంటిది దొరికేది. సూటిగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

కిందటిసారి నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు, నువ్వు స్కానింగ్ గదిలో ఉండగా డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. పాత మందు పనిచేయడం లేదన్నారు. "అయితే ఇప్పుడేం చేయాలండీ" అని అడిగాను. చూద్దామన్నారు. ఆ చూద్దాం అన్న తీరులోనే నాకు అంతా అర్థమైపోయింది. నువ్వు బయటికొచ్చి "మొహం అలా పెట్టావేంట్రా, ఆకలేస్తోందా" అని అడిగావు. అవునన్నాను.

ఆ తర్వాత దుకాణంలోకి అడుగుపెడితే చాలు, కిటికీ దగ్గర సగం కట్టిన నీ విగ్గు. ఎటు తిరిగినా అదే. ఒకరోజు దాని మీద తెల్లగుడ్డ కప్పాను. అప్పుడు ఇంకా ఘోరంగా కనిపించింది. సరిగ్గా ఆ వారంలోనే హీరోయిన్‌గారి మేకప్‌మన్ కొలతలు పట్టుకుని వచ్చాడు. అర్జెంటుగా పొడుగు జుట్టు కావాలి, షూటింగులున్నాయి కాబట్టి నిజంగా తీయించుకోవడం కుదరదు, సంగతి బయటికి పొక్కకూడదు అన్నాడు. నేను ఆ గుడ్డ లాగి, ఇది తీసుకెళ్ళండి అన్నాను. ఎలాగూ నువ్వు వచ్చి పూర్తి చేసేది లేదు అనుకున్నాను. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు, వదినకి కూడా. మిగతా సగం నేనే కట్టాను. కణత దగ్గర విప్పి కట్టాలన్న సంగతే గుర్తు రాలేదు. కళ్ళు కనిపిస్తేగా.

పేపరుకి రాస్తే రాయి. దుకాణం పేరు కూడా వెయ్యమను. నీ జుట్టు తెచ్చి ఇవ్వలేను. ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను.

నీ అన్నయ్య


అన్నయ్యా,

నువ్వు జుట్టు దొంగవనుకుని ఆ ఉత్తరం రాశాను. దొంగవైనా బాగుండేది. నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చేసిందేమిటో ఇప్పుడు అర్థమయ్యాక ఒళ్ళు భగభగ మండిపోతోంది. నేనింకా అన్నం తింటూ, నీతో ఫోన్లో పోట్లాడుతూ ఉండగానే నా మీద నీళ్ళొదిలేసుకున్నావు. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళ సామాను బయట పడేసినట్టు నన్ను నీ కిటికీలోంచి తీసేశావు. దానికి తోడు ఫోన్లో "ఉందే తల్లీ" అని జోల పాడావు. జాలిపడితే పడు, ఏడిస్తే ఏడువు, కానీ నేను చచ్చిపోతానని నాతో ఒక్క మాటైనా అనకుండా నీ అంతట నువ్వే ఎలా తేల్చేస్తావు?

పాత మందు పనిచేయడం లేదని డాక్టరుగారు నీకన్నా ముందు నాకే చెప్పారు. నేను అడిగి చెప్పించుకున్నాను. నువ్వు తట్టుకోలేవని నీకు చెప్పలేదు. నేను తట్టుకోలేనని నువ్వు చెప్పలేదు. ఒకే కడుపున పుట్టినందుకు ఇద్దరికీ ఒకే తెలివి వచ్చింది. తేడా ఏమిటంటే, నువ్వు గుడ్డ కప్పి కూర్చున్నావు, నేను వేరే దారి ఏముందని అడిగాను. పరిశోధనలో ఉన్న కొత్త మందు ఒకటుంది, పనిచేస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు, ఒప్పుకుంటే ఎక్కిస్తామన్నారు. మీ బావా నేనూ సంతకాలు పెట్టాం. ఆ ముందు వరసలో కూర్చోబెట్టింది ఎవరిననుకున్నావు? ఆ మందు ఎక్కించుకుంటున్నవాళ్ళనే. అందం చూసి పిలుస్తారా మమ్మల్ని?

అదీ నా ఖర్మ. ఆవిడ గుండు అబద్ధం. దాన్ని చూసి జనం ఇచ్చిన విరాళం నిజం. అలాంటి విరాళాలతో తయారయ్యే మందు నా ఒంట్లోకే ఎక్కుతోంది. కోపం దిగదు, మందు వద్దనలేను. నిన్న ఆసుపత్రిలో ఇక ఉండబట్టలేక కండక్టరమ్మకి అంతా చెప్పేశాను. "అయితే దొంగ గుండుకి నేను అసలైన ఏడుపు ఏడ్చానా" అని అడిగింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, సెలైను సూది ఊడేంత నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పేపరుకి మాత్రం రాయకు. రేపు నిజంగా గుండు చేయించుకున్న పిచ్చిది ఎవరైనా వచ్చినా జనం నమ్మరు, పైసా విదల్చరు, మన సీసాలు ఖాళీ అవుతాయి" అంది. అందుకని రాయడం లేదు. నిన్ను కాపాడడానికని మాత్రం అనుకోకు. ఆ హీరోయిన్‌కి ఒక్కదానికే రాశాను, జిగురు చెవి వెనక ఇంకాస్త లోపలికి పెట్టుకోమని.

మొన్నటి స్కానింగులో గడ్డ తగ్గలేదు. పెరగనూ లేదు. డాక్టరుగారు ఇది మంచి కబురే అన్నారు. నాకు అంతకన్నా మంచి కబురు ఒకటుంది. బొటనవేలికి సూది గుచ్చుకుంటే నొప్పి తెలుస్తోంది. అంటే వెంట్రుక ఎటు తిరిగి ఉందో కూడా తెలుస్తుంది.

ఏం చేయమంటావో చెప్పమన్నావుగా, విను. సోమవారం పొద్దున దుకాణానికి వస్తున్నాను. గడప తొక్కనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ దుకాణం నా కష్టార్జితం కూడా. చెక్కతల తుడిచి కిటికీ దగ్గర పెట్టు. దాని మీద గుడ్డా గిడ్డా కనిపిస్తే నీ తల పగలగొడతాను. ట్రిమ్మరుకి నూనె వేసి ఉంచు. అద్దం ముందు కుర్చీ వెయ్యి. అందులో నువ్వు కూర్చుంటావు, ట్రిమ్మరు నేను పట్టుకుంటాను. తొడుగులేవీ ఉండవు, లైట్లు ఆర్పడం ఉండదు. వదినని పిలువు, చప్పట్లు కొట్టడానికి ఒకరైనా ఉండాలి. నీ జులపాల మొదళ్ళకి నా చేత్తో నేనే ఎర్రదారం కట్టుకుంటాను, నిన్ను నమ్మను. వాటితోనే నా విగ్గు కట్టుకుంటాను.

సగానికి సగం నెరిసిపోయిందే అని సణుగుతావని నాకు తెలుసు. రంగు వెయ్యడానికి వీల్లేదు. నాకు ఆ తెల్లవెంట్రుకలే కావాలి. నెరిసిన జుట్టుతో నేనెలా ఉంటానో చూసుకోవాలని ఉంది.

ఇంకా బతికే ఉన్న నీ చెల్లెలు,
సూది