రెండు నుంచి నాలుగు దాకా

ఆదివారం, క్లాంగ్, మలేషియా

సరోజ పోయి ఐదు నెలలు. ఈవేళ ఆమె తమ్ముడు ఇటలీ ప్రయాణం ప్లాను తెచ్చాడు. సియెనా, అసీసీ, ఒర్వియేటో. చర్చి గోడల మీది బొమ్మలు, ఊరూరా ఓ మంచి భోజనం.

"నవంబర్‌లో జనం ఉండరు లా, బావా. కారు నానే తోల్తాను."

గుళ్ళో ప్రసాదం తప్ప మరేమీ చూడని వాడికి చర్చి బొమ్మలెందుకు? పైగా ప్లానులో రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఖాళీ. నా మధ్యాహ్నం నిద్ర సంగతి సరోజకే తెలుసు.

"ఎవరు రాసినారిది?"

"నానే. ఏటి బావా, పోలీసోడిలాగ అడుగుతావు?" నవ్వాడు కానీ, నా వైపు చూడలేదు.

వాడు వెళ్ళాక ప్లానుతో పాటు ఇచ్చిన హోటల్ కాగితాలు తిరగేశాను. బుక్ చేసింది సరోజ, ఫిబ్రవరిలో. నాతో "తగ్గిపోతాది లెండి" అంటున్న రోజుల్లోనే.

బస చేసేవాళ్ళుగా రాసినవి రెండే పేర్లు. నాది, వాడిది.