నాన్న చూసిన అద్దాలు

చిరంజీవి ఉదయ్‌కి అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం బాగున్నామని మొదట రాస్తారు కదా, నేనూ అలాగే రాస్తున్నాను. నువ్వూ, సాహితీ వేళకి తింటున్నారని అనుకుంటున్నాను. నాలుగో తరగతి చదువు నాది. రాత అర్థం కాకపోతే కోడలి చేత చదివించుకో.

నీ ఉత్తరం అందింది. ఫోనులో అయితే నాన్న చెవిన పడుతుందని కాగితం మీద రాశావు, మంచి పని చేశావు. నేనూ అందుకే రాస్తున్నాను. ఆయన నా ఎదురుగానే పడక్కుర్చీలో ఉన్నారు. రామకోటి రాసుకుంటున్నానని చెప్పాను. దేవుడి పేరు పెట్టి అబద్ధమాడానే అని అదొక భయం పట్టుకుంది.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి. బీపీ బిళ్ళ మానలేదు. ఈ ఏడు ఎవరి మామిడి తోట తీసుకున్నారు, రసాలు ఎప్పుడు పంపిస్తారు అని అడిగావు. నాన్న ఈసారి ఏ తోటా తీసుకోలేదు. ఎందుకో కింద రాస్తాను. పళ్ళకేం, విస్సన్నపేటలో కొని బస్సులో వేయిస్తాను.

నీ కష్టాలు చదివాక అన్నం సహించలేదు నాయనా. అపార్టుమెంట్ల అద్దాలు తుడవడానికి కూడా ఇంతమంది పోటీ ఏంటి? ఏ గోడ చూసినా ఇంకొకళ్ళ ఫోన్ నంబరే అంటున్నావు. ఒక ఫ్లాటు ఊరికే తుడిచి చూపించమంటారంట, తుడిచాక మళ్ళీ పిలవరంట. వాచ్‌మన్ తన వాటా ఇస్తేనే గేటు తీస్తాడంట. నీ దగ్గర పని నేర్చుకున్న కిషోర్ బాబు నీ ఖాతాదారులనే తీసుకుని వేరే పెట్టుకున్నాడని రాశావు. వాడికి నేను నా చేత్తో పూతరేకులు పెట్టాను. మనుషులు లేక నువ్వే తాడు కట్టుకుని దిగుతున్నావని సాహితి చెప్పింది. ఆ తాడు రోజూ చూసుకుంటున్నావా? ఎక్కడైనా పీచు లేచిందేమో చూడు. రాత్రి కళ్ళు మూస్తే ఆ తాడే కనపడుతోంది.

ఇంక నువ్వు అడిగిన పెద్ద మాటకి వస్తాను. "నాన్న గంటసేపు నిలబడి చూసి ఆ బిల్డింగు పని తీసుకోమన్నారు. ఏం చూశారమ్మా ఆయన? నా మీద అంత అశ్రద్ధా?" అని రాశావు. ఫోనులో ఆయన్నీ ఇదే అడిగావు. ఆ రోజు నుంచి నువ్వు ఆయనతో మాట్లాడటం లేదు.

తోట పూత మీద ఉన్నప్పుడే చెట్ల కింద నిలబడి, ఇంత కాయ దిగుతుందని కళ్ళతో అంచనా కట్టి, గంపగుత్తగా మాట్లాడుకోవడం మీ తాతగారి నాటి నుంచి మన ఇంట్లో ఉన్నదే. నువ్వు ఆ అపార్టుమెంటునీ అలాగే చేశావు. అందరూ కిటికీకి ఇంత అని అడుగుతుంటే, నేను ఏడాదికి బిల్డింగు మొత్తం గంపగుత్తగా ఒప్పుకుంటే పని నాకే వస్తుందన్నావు. అంచనాకి నాన్నని తీసుకెళ్ళావు. ఆయన అంచనా ఎప్పుడూ తప్పలేదు కదా మరి. "అంతా మెరుస్తోందిరా, పైపై దుమ్మే, ఒప్పేసుకో" అన్నారు. తీరా పని మొదలుపెడితే కట్టినప్పటి సిమెంటు చుక్కలు, రంగు మరకలు, పావురాల రెట్టలు. ఒక రోజు అనుకున్న పని వారం పట్టింది. సంతకం పెట్టేశావు, వదిలెయ్యలేవు.

నాయనా, ఆయనకి ఆ రోజు ఆ మెరుపు తప్ప ఏమీ కనపడలేదు.

మీ నాన్నకి చూపు పోయింది. శుక్లం అయితే తీసేసేవాళ్ళం, ఇది నీటికాసులు, కంటి నరం ఎండిపోయింది, పోయింది ఇంక రాదు అన్నాడు ఏలూరు డాక్టరు. చుక్కల మందు మిగిలిన కాస్త నిలబెట్టడానికేనంట. ఎదురుగా ఉన్నది మసక. పక్కన ఉన్నది అసలు కనపడదు.

కిందటేడు ముసునూరు తోట చూసింది ఆయన కాదు, నేను. పక్కన నడుస్తూ, "పైకొమ్మల్లో పూత మాడిందండీ, తూర్పు వైపు బాగా పట్టింది" అని నెమ్మదిగా చెప్పేదాన్ని. తోట యజమాని రాయప్ప నవ్వాడు. "ఏంటండీ నరసింహం గారూ, అమ్మగారు లేకుండా చెట్టు కిందకి కూడా రారా?" అన్నాడు. "ఎండకి పడిపోతానని దాని బెంగ. దాని బెంగకి అంతుందా" అన్నారు ఈయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా బెంగ ఊరందరికీ తెలిసిందే కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఈ ఏడు నేను చెప్పినా అంచనా కట్టలేనన్నారు, అందుకే ఏ తోటా తీసుకోలేదు.

మీ దగ్గరికి వచ్చినప్పుడు, ఆ బిల్డింగుకి నేనూ ఆటోలో వస్తానన్నాను గుర్తుందా? "అద్దాలు చూడ్డానికి నువ్వెందుకమ్మా" అని నాన్నని బండెక్కించుకున్నావు. ఆయన నా వైపు తిరిగి వద్దన్నట్టు తల ఊపారు. అప్పుడే చెప్పెయ్యాల్సింది. కొడుకు ముందు ఆయన్ని చిన్నబుచ్చలేక నోరు మూసుకున్నాను. అది నా తప్పు, ఆయనది కాదు.

నువ్వు కేకలేసిన రోజు ఆయన ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చున్నారు. వాడికి చెప్పేద్దామండీ అన్నాను. "అంచనా తప్పాననుకోనీవే. గుడ్డివాణ్ణని మాత్రం అనుకోకూడదు" అన్నారు. ఆ మాట దాటి ఇవాళ రాస్తున్నాను.

పని మూసేసి ఇంటికొచ్చి మన పళ్ళ కొట్లో కూర్చుంటాను, నాన్న తోటలు చూడటం నేర్పిస్తారు అన్నావు. ఆయన ఇంక నేర్పలేరు నాయనా. పని ఉంచుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం, నాకు తెలియదు. ఆ అపార్టుమెంటు వాళ్ళకి మాత్రం, మా అంచనా తప్పిందండీ, కాస్త చూడండి అని మర్యాదగా అడుగు. అడిగితే తప్పేముంది.

ఒక్కసారి వచ్చి ఆయన్ని చూసి వెళ్ళు. నేను రాశానని అనకు. మొన్న గ్యాసు బండ తెచ్చిన మనిషి గుమ్మంలో ఊరికే నిలబడ్డాడు. నీ అంత పొడుగు ఉంటాడు. నాన్న కుర్చీలోంచి లేచి, "వచ్చావురా" అని చెయ్యి చాపారు. "గ్యాసండీ" అన్నాడు అతను. ఈయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఎండ కళ్ళల్లో పడిందయ్యా అన్నారు.

అందుకని నువ్వు వచ్చినప్పుడు గేటు దగ్గర నుంచే మాట్లాడుతూ రా నాయనా.

ఇట్లు,
నీ అమ్మ