యాపిల్ పిప్పి పొడి, రోజుకి ఒక్క చెంచా

అన్నయ్యా,

పొద్దున షిఫ్టు. నిద్ర లేపడం ఎందుకని రాసిపెట్టి వెళ్తున్నా. యాపిల్ పిప్పి పొడి గాజు సీసాలో ఉంది. గోరువెచ్చని నీళ్లలో ఒక్క చెంచా కలిపి, కాసేపు నాననిచ్చి తాగు. పైన ఇంకో గ్లాసు మంచినీళ్లు తాగు. కడుపులో మెలిపెట్టినా, రక్తం కనబడినా సీసా ముట్టుకోకుండా డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. పేగువాపు తగ్గాకే, అదీ కొంచెం కొంచెంగా వాడమన్నారాయన. మాత్రలు మాత్రం మానకు. ఈ పొడి వాటికి తోడే గానీ బదులు కాదు.

వారానికి సరిపడా ఆదివారమే మింగేసి మిగతా రోజులు హాయిగా ఉందామనుకోవడానికి ఇదేమీ నీ ఆఫీసు ఫైళ్ల పని కాదు. పోయినసారి అలా చేసే కదా మంచం పట్టావు.

ఇంకో మాట. దీన్ని పశువుల దాణా అని అమ్మతో అన్నావట. మా జ్యూస్ ఫ్యాక్టరీలో రసం పిండేశాక పిప్పి దాణాకే పోతుంది, కాదనను. కానీ ఇది నేను శుభ్రంగా కడిగిన పళ్ల పిప్పి చూసి, సూపర్‌వైజర్‌ని అడిగి తెచ్చి, ఆరబెట్టి, మిక్సీ పట్టి, జల్లించింది. నీకిచ్చే ముందు రెండు వారాలు నేనే తాగి చూశాను. అంబా అని అరవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

చెల్లి

మర్చిపోయా. నీ మూలుగు మాకు వినబడకూడదని బాత్రూంలో కుళాయి తిప్పి వదిలేస్తావు. ఆ నీళ్ల చప్పుడు వింటేనే నాకూ అమ్మకీ గుండె గుభేలుమంటుంది. ఈసారి కుళాయి కట్టేసి మమ్మల్ని పిలువు.