నాన్నకి ఇంగ్లీషు రాదు

మధురవాడ, నవంబరు

నాగమణక్కా, నాకేం కాలేదు, కంగారుపడకు. ఫోనైతే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, అందుకే కార్డు.

నేను వెళ్లే ఆంత్రోపాసఫీ చదువు బృందంలో, అదే ఆత్మలూ పరలోకమూ అంటూ పుస్తకాలు చదువుకునే చోట, రుతువుకో కూడిక ఉంటుందని చెప్పాను కదా. నవంబరులో, పోయినవాళ్లకి పుస్తకం చదివి వినిపిస్తారు. నాన్న కోసమని ఫొటో పట్టుకెళ్లి కొవ్వొత్తి పక్కన పెట్టాను. అందరూ ఇంగ్లీషులో గుసగుసగా చదివారు. నా వంతు రాగానే, నేను తెలుగులోకి మార్చి రాసుకెళ్లిన పేజీ గట్టిగా మొదలుపెట్టాను. బృందాన్ని నడిపే మధులత గారు ఆపేశారు.

"తెలుగులో పెడితే పట్టు పోతుందమ్మా" అన్నారు.

"అసలు రాసింది జర్మన్‌లో కదండీ, ఇంగ్లీషులో పెడితే పోలేదేటి?" అన్నాను.

నా పేజీ కూడా ఆవిడే ఇంగ్లీషులో చదివేసి, "నాన్నగారు విన్నారు, నాకు తెలిసింది" అని నా భుజం తట్టారు.

రైసుమిల్లు మోతకి చెవులు పోయిన మనిషి అక్కా! నేను పేపరు చదివి వినిపిస్తుంటే "గట్టిగా సదవే, ఇనబడ్డం నేదు" అని కసిరేవాడు. ఇక ఆ గుమ్మం తొక్కను.

మీ అత్తగారి మోకాలినొప్పి తగ్గిందా? అంబలి కాసుకునే చోడిపిండి అయిపోయింది, ఎవరైనా ఇటొస్తుంటే పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నాన్న పెద్ద ఫొటో నీ ఇంట్లోనే ఉంది కదా, ఈ కార్డు దాని ముందు నిలబడి చదువు.

గట్టిగా చదువు.

నీ చెల్లి
పుష్ప