ఎర్రబడని కన్ను గురించి

జంగమకోటె,
ఏప్రిల్ 1964

నెలకోసారి చిక్కబళ్ళాపురం వచ్చే కంటి డాక్టరుగారి సముఖానికి,

అయ్యా,

లేదయ్యా, నొప్పి లేదు. ఎరుపు లేదు, పుసి లేదు, నీరు కారడమూ లేదు. అందుకే ఈ అర్జీ.

విషయం: మా చెల్లెలు అక్కయమ్మ, వయసు ఆరు, మోకాలి వాపు రోగి, కన్ను తెల్లగా ఉన్నప్పటికీ చూడవలసిందని కోరడం.

నేను రామాంజినప్పను, పదిహేనేళ్ళు. బడి నాలుగో తరగతితో ఆగింది, అదీ కన్నడంలో. తమరు చెల్లెలితో తెలుగులో మాట్లాడినారు కాబట్టి ఇంట్లో నేర్చుకున్న తెలుగులో రాస్తున్నాను. మనుషుల ఎదుట నాకు నోరు రాదు.

1. మాఘంలో తమరు దాని కన్నును దీపం మిషన్‌లో చూసి, "కీళ్ళు వాచే పిల్లలకు కంటి లోపల కూడా వాపు వస్తుంది, బయటికి ఏమీ తెలియదు. చుక్కలు రోజూ వేయండి, బాగుందని మీరే మానకండి" అన్నారు. సదరు చుక్కలు నలభై దినములు తప్పక వేయడమైనది. వేసింది నేనే.

2. తరువాత ఇంట్లో పట్టుపురుగులు పెట్టినాము. పురుగులున్న ఇంట్లోకి మందు వాసన రాకూడదని మాకు కట్టుబాటు. మా అవ్వ చౌడమ్మ సీసా లాక్కుని, "కన్ను బాగనే ఉండాది కదప్పా. వాసన తగిలితే పురుగులన్నీ చస్తాయి. గూళ్ళు దించినాక ఏస్తువులే" అంది. నాయన తల ఊపినాడు. సీసాను పశువుల కొట్టం చూరులో పెట్టినాము. ఇరవై ఆరు దినములు చుక్క పడలేదు. పురుగులు బాగా వచ్చినాయి.

3. పట్టుగూళ్ళలో మచ్చవి ఏరి పారేయడం చెల్లెలి పని. ఇంట్లో ఇంకెవరికీ ఆ చూపు లేదు. ఈసారి దాని బుట్టలో మచ్చవీ మంచివీ కలిసి ఉన్నాయి. "ఏమే, నిద్రపోతాండావా?" అని అవ్వ తిట్టింది. నేను దాన్ని పక్కకు తీసుకుపోయి ఎడమ కన్ను మూసినాను.

"అన్నా, అప్పుడే పొద్దు మునిగిందా?" అంది.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఎండలో నిలబెట్టి చూస్తే కుడి కంటిపాప గుండ్రంగా లేదు. పురుగు కొరికిన ఆకు అంచు మాదిరి ఉంది.

4. మరుసటి దినం దాన్ని ఎత్తుకుని ఆస్పత్రికి వచ్చినాను. తమరు వచ్చే దినం కాదు. చీటీలు రాసే సీనప్పగారు రెప్ప లాగి చూసి, "మల్లెపూవు మాదిరి ఉండాది కన్ను. దీనికి చీటీ యాడిదప్పా? కుంటుతాండాది, మోకాలి వరసలో నిలబెట్టుపో" అన్నారు. ఆ వరసలో అడిగితే కన్ను తమది కాదన్నారు. వెనకాయన, "ముక్కుకు కూడా ఒక వరస ఉండాదేమో చూడప్పా" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను దాన్ని మళ్ళీ ఎత్తుకున్నాను. బస్సెక్కినాము.

కావున సీనప్పగారికి ఒక ముక్క రాసి చెల్లెలికి చీటీ ఇప్పించవలెను. మోకాలు వాచిన బిడ్డ ఎవరు వచ్చినా, కన్ను తెల్లగా ఉందని తిప్పి పంపకుండా చూడవలెను. ఈ నాలుగు మాటలూ తమరు మనసు పెట్టి చిత్తగించవలెను.

తమ మాట తప్పిన విధేయుడు,
రామాంజినప్ప
మునిశామప్ప కొడుకు

మరిచిన సంగతి: మరిచింది కాదు, దాచింది. చుక్కలు ఆపినట్టు సీనప్పగారికి చెప్పలేదు. పైన రాసేటప్పుడు కూడా తప్పు అవ్వ మీద పెట్టినాను. కొట్టంలో పురుగులు లేవు. అక్కడే చుక్క వేసి, మొహం కడిగి లోపలికి పంపి ఉంటే అవ్వకు తెలిసేది కాదు. పురుగులు చస్తాయేమోనని నేనూ భయపడినాను.

ఎల్లుండి మళ్ళీ పురుగులు తెస్తున్నారు. ఈ పొద్దున చెల్లెలు ఎడమ కన్ను నులుముకుంటూ, "అన్నా, పొయ్యి పొగ ఇంకా పోలేదా?" అంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. తమరు వచ్చేదానికి పదకొండు దినాలుంది. సీసా అడుగున కొంచెం మిగిలింది, ఎండకు రంగు మారింది. అది వేయనా, మాననా?