లారీ వచ్చిందని ఎద్దులు అమ్ముతావా?

తమ్ముడు దస్తగిరికి ఆదోని నుంచి అక్క హుసేనమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ నా కొడుకు కాశిమూ బాగానే ఉన్నాం, దిగులు పడొద్దు. మరదలి దగ్గు తగ్గిందా? హాలహర్విలో వాన పడిందా? ఇక్కడ ఎండలు మండుతున్నాయి. నీళ్లు ఉప్పన. జొన్నరొట్టెకు మన చేని రుచి లేదు. పలకరించే దిక్కు లేక కాశిం బండి వెనకాలే కూర్చుని బజారంతా తిరుగుతున్నాను. అయినా బాగానే ఉన్నాను.

నీ జాబు చదివించుకున్నాను. లారీలొచ్చాయి, బండ్ల పని అయిపోయిందని ఎవడో అంటే, నీ దగ్గర వదిలి వచ్చిన నా రెండో ఎద్దుల జతను ఎమ్మిగనూరు సంతకు తోలతావా? చెప్పినవాడికి బుద్ధి లేదు, విన్న నీకు అసలే లేదు.

ఇక్కడి సేట్ల తెలివి విను. రైలు స్టేషన్లో దిగిన సరుకు తెచ్చుకోవడానికి ఒకే సందులోని ప్రతి అంగడివాడూ వేరే బండి పంపేవాడు. ఒకడికి రెండు మూటలు, ఒకడికి మూడు. తన అంగడి ముందు తన బండి నిలబడితేనే మర్యాదట! ఎద్దు రెండు మూటలు లాగినా బండెడు లాగినా తినేది అంతే గడ్డి. ఆ మాత్రం తెలియదు.

పోయిన నెల అందరికీ కలిపి ఒకే లారీ పెట్టారు. ఆలోచన మంచిదే, చేతకాలేదు. గుమాస్తా చేతికొచ్చిన మూటనల్లా ఎక్కించాడు. మొదటి అంగడి మిరపకాయలు అడుగున, చివరి అంగడి బెల్లం పైన! లారీ సందులో పట్టక మొదట్లోనే ఆగింది. మిరపకాయల కోసం సరుకంతా రోడ్డు మీద దించారు. ఆ ఘాటుకు సేట్లందరికీ తుమ్ములే. మా బండి మీంచి చూసి పక్కున నవ్వాను.

"ఏమవ్వా, నగుతాండావు?" అన్నాడు పెద్ద సేటు.

"నగక ఏడ్సల్నా? కడాకు దించేది ముందు ఎక్కియ్యల్ల, ముందు దించేది కడాకు ఎక్కియ్యల్ల. మా ఎద్దుకు తెలుసప్పా ఈ మాట, మీకు తెల్దా?"

"అట్లయితే నువ్వే సేసి సూపీ!"

మర్నాడు చేసి చూపించాను. ఆ సందు సరుకంతా మా ఒక్క బండి రెండు తడవల్లో చేర్చింది. ఇప్పుడు సేటు పక్క సందు కూడా ఇస్తానంటున్నాడు. ఇంకో బండి కావాలి, శుక్రవారం లోపల రాకపోతే వేరేవాళ్లకు ఇస్తాడట. బండి అద్దెకు మాట్లాడాను. ఎద్దులు నీ దగ్గర ఉన్నాయి.

చిన్నాయనకు నా సలాం చెప్పు, మాకోసం దువా చేయమను. కాశిం గురువారం వస్తాడు. వాడి చేతికి కాసిన్ని మన జొన్నలు ఇవ్వు. ఎద్దులు కొట్టంలోనే ఉండాలి. లేకపోతే ఆ బండికి నిన్నే కడతాను.

వేలిముద్ర వేసినది,
నీ అక్క హుసేనమ్మ